పొరుగు దేశంలో పని పోతే మన పంటకు ధర పోతుంది

(రైతు సంఘం జిల్లా శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం పొరుగు దేశాల ఆర్థిక వృద్ధి, నిరుద్యోగం. పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన అడిగారు: "విత్తనాలు, యూరియా, పంటల బీమా, మద్దతు ధర మాట్లాడుకోవాల్సిన చోట ఢాకా, కొలంబో, ఖాట్మండు సంగతులు మనకెందుకయ్యా?" అని. న్యాయమైన ప్రశ్న. నా ప్రసంగమంతా ఆయనకు జవాబు అనుకోండి.

మిత్రులారా, మన పత్తి ఎక్కడికి పోతుంది? జిన్నింగు మిల్లుకు, అక్కడి నుంచి నూలు మిల్లుకు. ఆ నూలులో పెద్ద వాటా బంగ్లాదేశ్‌కు పోతుంది. మన దేశపు పత్తి నూలును బయటి దేశాల్లో అందరికంటే ఎక్కువగా కొనేది వాళ్ళే. మన మిర్చి ఎక్కడికి పోతుంది? గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి చైనాకు, బంగ్లాదేశ్‌కు, శ్రీలంకకు, థాయిలాండ్‌కు. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి, అదే మనం కేపీ ఉల్లి అంటాం, శ్రీలంక, మలేషియా, సింగపూర్ వాళ్ళు తినే ఉల్లి. కాకినాడ రేవు నుంచి మన బియ్యం ఎన్ని దేశాలకు పోతుందో మీకు తెలుసు. ఇక మన పిల్లలు? నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు పోతున్నారు. అక్కడ వాళ్ళ పక్క మంచం మీద పడుకునేది నేపాల్ కుర్రాడో, బంగ్లాదేశ్ కుర్రాడో.

అంటే మన సరుకు కొనేవాడు పొరుగువాడు. మన బిడ్డతో కూలికి పోటీ పడేవాడూ పొరుగువాడే. పొరుగువాడికి పని పోయిందంటే ఈ రెండు దారుల్లోనూ దెబ్బ మనకు తగులుతుంది. నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. మిగతాదంతా దానికి లెక్కలు, ఉదాహరణలు.

వృద్ధి వేరు, పని వేరు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. రోజూ టీవీలో జీడీపీ ఏడు శాతం పెరిగింది, ఫలానా దేశాన్ని దాటేశాం అని వింటుంటాం. జీడీపీ అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువ. అది పెరిగితే పని పెరగాలి కదా అని అందరూ అనుకుంటారు. అమెరికాలో ఆర్థర్ ఓకన్ అనే ఆర్థికవేత్త 1962లో దీనికి ఒక లెక్క కట్టాడు. అక్కడి ఉత్పత్తి అదనంగా సుమారు మూడు శాతం పెరిగితే నిరుద్యోగం ఒక శాతం తగ్గుతుందన్నాడు. ఆయన పేరు మీదనే ఓకన్ సూత్రం అంటారు. నెల జీతాలు, నిరుద్యోగ భృతి ఉన్న దేశంలో ఆ లెక్క ఉజ్జాయింపుగా కుదిరింది.

మన దగ్గర అది కుదరదు. ఎందుకంటే మన దగ్గర పేదవాడు పని లేకుండా ఖాళీగా కూర్చోలేడు, కూర్చుంటే పొయ్యి వెలగదు. ఇంజినీరింగ్ చదివిన పిల్లాడు ఉద్యోగం రాక నాన్నతో పాటు మందు కొట్టడానికి పొలం పోతాడు. ప్రభుత్వ సర్వేలో అతను నిరుద్యోగి కాడు, ఇంటి వ్యవసాయంలో సహాయకుడు. ఒక్క రూపాయి కూలి రాకపోయినా పని ఉన్నవాడే. వారం లెక్కలో అయితే వారం మొత్తం మీద ఒక్క గంట పని చేసినా ఆ వారం పని ఉన్నట్టే రాసుకుంటారు. 2023-24 కేంద్ర ప్రభుత్వ సర్వేలో నిరుద్యోగం 3.2 శాతమే కనిపించడానికి ఇదొక కారణం. అదే సర్వేలో 15 నుంచి 29 ఏళ్ళ యువతను విడిగా చూస్తే 10.2 శాతం.

ఇంకో లెక్క చూడండి. దేశంలో పనిచేసే వాళ్ళలో వ్యవసాయం మీద ఉన్నవాళ్ళు 2018-19లో 42.5 శాతం. 2023-24లో 46.1 శాతం. దేశం ఎదుగుతుంటే జనం పొలం వదిలి ఫ్యాక్టరీకి పోవాలని పుస్తకాల్లో రాస్తారు. మన దగ్గర కరోనాలో తిరిగొచ్చిన వాళ్ళు చాలామంది మళ్ళీ పోలేదు. గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్ళలో నూటికి 77 మంది దాకా వ్యవసాయంలోనే ఉన్నారు. స్వయం ఉపాధి వాటా 2017-18లో 52 శాతం, 2023-24లో 58 శాతం. స్వయం ఉపాధి అంటే పెద్ద వ్యాపారమని కాదు. నాలుగు గేదెలు, ఒక ఆటో, రోడ్డు పక్కన టిఫిన్ బండి, రెండెకరాల కౌలు కూడా అందులో పడతాయి.

ఊళ్ళో దీని ఫలితం మనకు కనిపిస్తూనే ఉంది. పోవడానికి చోటు లేని వాళ్ళు ఎక్కువైతే కౌలుకు పోటీ పెరుగుతుంది. మా పల్నాడులో మిర్చి ధర బాగున్న ఏడాది పెరిగిన కౌలు, ధర పడిన ఏడాది అదే లెక్కన దిగలేదు. నిరుద్యోగం పట్నంలో క్యూలో నిలబడితే అందరికీ కనిపిస్తుంది. పల్లెలో అది కౌలు రేటులో దాక్కుంటుంది.

ఢాకాలో మిల్లు ఆగితే

ఇప్పుడు బంగ్లాదేశ్ సంగతి. అక్కడ పత్తి దాదాపు పండదు. పత్తిని, నూలును బయటి నుంచి తెచ్చుకుని బట్టలు కుట్టి అమెరికాకు, ఐరోపాకు పంపిస్తారు. వాళ్ళ ఎగుమతి ఆదాయంలో నూటికి 80కి పైగా ఈ రెడీమేడ్ దుస్తుల నుంచే. సుమారు 40 లక్షల మంది ఈ పనిలో ఉన్నారు, ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఆ పని వల్ల వాళ్ళ బతుకుల్లో మార్పు వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏళ్ళ తరబడి ఆరేడు శాతం వృద్ధి సాధించారు. తలసరి ఆదాయంలో మనల్ని దాటబోతున్నారని 2020లో అంతర్జాతీయ ద్రవ్య నిధి అంచనా వేస్తే ఇక్కడ పెద్ద చర్చ జరిగింది.

అదే 2020లో కరోనా వచ్చింది. ఐరోపా, అమెరికా కంపెనీలు 300 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు రద్దు చేయడమో ఆపడమో చేశాయి. మార్చి నెలాఖరుకే పది లక్షల మందికి పైగా కార్మికులను ఇళ్ళకు పంపేశారు. కుట్టు మిషను ఆగితే నూలు అక్కర్లేదు, నూలు అక్కర్లేకపోతే మన జిన్నింగు మిల్లు దూది కొనదు, జిన్నింగు మిల్లు వెనక్కి తగ్గితే మన పత్తికి ప్రైవేటు వ్యాపారి ధర తగ్గిస్తాడు. ఢాకా ఆడపిల్ల జీతం పోవడానికీ, ఆదిలాబాద్ రైతు క్వింటాకు రెండు మూడు వందలు తగ్గించి అమ్ముకోవడానికీ మధ్య ఉన్న గొలుసు ఇది.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: "వాళ్ళ మిల్లులు ఆగితే ఆ ఆర్డర్లు మన తిరుప్పూరుకు వస్తాయి కదా, మనకు లాభమే కదా?" 2024లో బంగ్లాదేశ్‌లో గొడవలు జరిగినప్పుడు పేపర్లలో కూడా ఇదే రాశారు. కొన్ని ఆర్డర్లు మనకు వచ్చిన మాట నిజం. మన దుస్తుల ఎగుమతి కొంత పెరిగింది. కానీ ఏడాది తిరిగేసరికి ఏమైంది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది, బంగ్లాదేశ్ మీద 20 శాతం వేసింది. అంతకుముందు మనకు వచ్చిన ఆర్డర్లు ఇప్పుడు అటు చూశాయి. కొనే కంపెనీ ఎక్కడ చవకైతే అక్కడికి పోతుంది. ఒక ఏడు ఢాకా కార్మికురాలు రోడ్డున పడుతుంది, ఇంకో ఏడు తిరుప్పూరు కార్మికుడు రోడ్డున పడతాడు. బేరం మాత్రం ఎప్పుడూ కంపెనీ చేతిలోనే ఉంటుంది.

ఆ సుంకం దెబ్బకు మిల్లులను ఆదుకుంటామని మన కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 వరకు అన్నారు, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. మన పత్తి తీత మొదలయ్యేది ఎప్పుడు? అక్టోబరులో. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే మూడు నెలలూ బయటి పత్తికి తలుపులు తీశారు. పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు ప్రకటించారు సరే, తేమ ఎక్కువుందని, రంగు మారిందని సీసీఐ కేంద్రంలో వెనక్కి పంపితే రైతు బయట ఎంతకు అమ్ముకున్నాడో ఈ హాల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

అదే 2025లో రెండు దేశాల ప్రభుత్వాలు ఒకరి మీద ఒకరు పంతానికి పోయాయి. ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ వాళ్ళు మన నూలు భూమార్గం మీదుగా రాకుండా ఆపారు. మే నెలలో మనవాళ్ళు వాళ్ళ దుస్తులు భూమార్గం మీదుగా రాకుండా ఆపారు. లారీలో రెండు రోజుల్లో పోయే సరుకు ఓడ ఎక్కి తిరిగి పోవాలి. ఆ ఖర్చు మిల్లు యజమాని తన జేబులోంచి పెట్టుకోడు. దూది ధరలో కోస్తాడు.

ఏడు శాతం వృద్ధి ఉండి కూడా ఎందుకు కూలింది?

బంగ్లాదేశ్‌లో 2024లో జరిగింది మనకు పెద్ద పాఠం. వృద్ధి రేటు బాగుంది, వంతెనలు కట్టారు, మెట్రో వేశారు. కానీ డిగ్రీలు చదివిన పిల్లలకు పని లేదు. ప్రతి ఏడూ సుమారు మూడు వేల ప్రభుత్వ ఉద్యోగాలకు నాలుగు లక్షల మంది పోటీ పడే పరిస్థితి. ఆ ఉన్న కొద్ది ఉద్యోగాల్లో 30 శాతం స్వాతంత్ర్య యోధుల వారసులకు కేటాయించాలని జూన్‌లో అక్కడి హైకోర్టు అంటే విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం కాల్పులు జరిపింది, వందల మంది చనిపోయారు. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం వదిలి మన దేశానికి వచ్చేశారు.

ఆ రోజుల్లో సరిహద్దులో పెట్రాపోల్ దగ్గర సరుకు రవాణా ఆగిపోయింది. మన లారీలు వరసలు కట్టి నిలబడ్డాయి. అప్పటికే వాళ్ళకు డాలర్ల కొరత ఉంది. 2021 ఆగస్టులో 4,800 కోట్ల డాలర్లున్న వాళ్ళ విదేశీ నిల్వలు 2024 నాటికి సగానికంటే కిందికి పడిపోయాయి. డాలరు లేనివాడు మిర్చి ఎలా కొంటాడు? కొన్నా తక్కువ అడుగుతాడు, అరువు అడుగుతాడు.

మిర్చి మాట వచ్చింది కాబట్టి చైనాను కూడా చూడాలి. మన తేజ రకానికి పెద్ద గిరాకీ అక్కడి నుంచే. ఆ దేశంలో 2023 జూన్‌లో పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ అంకె బయటపెట్టడమే ఆపేశారు. పని లేని యువకుడు హోటల్‌కు పోవడం తగ్గిస్తాడు. మన దగ్గర 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి 2025 ఫిబ్రవరికి 11 వేల దరిదాపుల్లోకి వచ్చింది. దీనికి ఒక్క చైనానే కారణమని నేను అనను. మన కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వలున్నాయి, ధర చూసి అందరం ఎక్కువ వేశాం, వ్యాపారుల కూటమి ఉండనే ఉంది. కానీ 2024-25లో మన మిర్చి బయటి దేశాలకు అంతకుముందు ఏడాది కంటే ఎక్కువే పోయింది, డబ్బు మాత్రం తక్కువ వచ్చింది. కొనే దేశాల్లో జనం జేబు ఖాళీ అయితే ఎగుమతి పెరిగినా రైతుకు మిగిలేది తగ్గుతుంది. ఆ ఏడు మనం యార్డు దగ్గర ధర్నాలు చేస్తే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు అని ప్రకటించింది. ఎకరాకు రెండు లక్షల పైన పెట్టుబడి పెట్టిన కౌలు రైతుకు ఆ ధర ఏ మూలకు సరిపోతుంది?

శ్రీలంక చెప్పే పాఠం

శ్రీలంక సంగతి రైతులకు ఇంకా దగ్గర. అక్కడి ప్రభుత్వం డాలర్లు మిగుల్చుకోవాలని 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. సేంద్రియ వ్యవసాయం మంచిదే. నేలను సిద్ధం చేయకుండా, రైతుకు సమయం ఇవ్వకుండా ఒక్క ఉత్తర్వుతో మార్చడం మాత్రం మంచిది కాదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. నవంబరులో ఉత్తర్వు వెనక్కి తీసుకున్నా అప్పటికే పంట పోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. ఆ ఏడు ఆర్థిక వ్యవస్థ ఏడు శాతానికి పైగా కుంచించుకుపోయింది. సెప్టెంబరులో ధరల పెరుగుదల దాదాపు 70 శాతం. ఒక్క ఏడాదిలో పేదల సంఖ్య రెట్టింపైంది. మూడు లక్షల మందికి పైగా పని కోసం దేశం వదిలారు. కొన్ని కుటుంబాలు పిల్లలతో పడవలెక్కి రామేశ్వరం తీరానికి వచ్చాయి.

శ్రీలంక వాళ్ళు వాడే ఎండుమిర్చిలో ఎక్కువ భాగం మన దేశం నుంచి పోయేదే. వాళ్ళ దగ్గర డాలర్లు అయిపోతే మన ఎగుమతిదారు సరుకు పంపడానికి భయపడ్డాడు. భయపడ్డ ఎగుమతిదారు యార్డులో బేరం ఆడడు. మన ప్రభుత్వం అప్పుడు సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఆ రుణసాయంలో బియ్యం, ఎరువులు, మందులు, డీజిల్ పోయాయి. అది మంచి పని. పొరుగువాడు నిలబడితేనే మన సరుకు అమ్ముడవుతుంది కాబట్టి ఆ సాయం మనకూ మేలే చేసింది. "మన డబ్బు వాళ్ళకెందుకు" అనే మాట వాట్సాప్‌లో వస్తే ఈ జవాబు చెప్పండి.

రాత్రికి రాత్రి నిషేధాలు

పొరుగువాళ్ళు మనకు చేసింది చెప్పాను. మన ప్రభుత్వం వాళ్ళకు, దాంతో పాటు మనకు చేసిందీ చెప్పాలి.

2019 సెప్టెంబరు 29న ఉల్లి ఎగుమతి నిషేధించారు. బంగ్లాదేశ్‌లో ధర ఆకాశానికి పోయింది. ఢిల్లీ వచ్చిన షేక్ హసీనా, మా వంటవాడికి ఉల్లి వాడొద్దని చెప్పానని నవ్వుతూనే చురక వేసి పోయారు. 2020 సెప్టెంబరు 14న మళ్ళీ నిషేధం. 2023 డిసెంబరు 8న మళ్ళీ నిషేధం, 2024 మే నెల దాకా. మహారాష్ట్ర ఉల్లి కోసం పెట్టిన నిషేధంలో మన కేపీ ఉల్లి కూడా పడిపోయింది. అది చిన్న పాయ, ఘాటు ఎక్కువ. మన వాళ్ళు ఇళ్ళలో పెద్దగా వాడరు, బయటి దేశాల కోసమే పండిస్తారు. దాన్ని ఆపితే ఢిల్లీలో ఉల్లి ధర తగ్గేది ఏముంది? ఆందోళన చేస్తే 2020 అక్టోబరులో పది వేల టన్నులకు మినహాయింపు ఇచ్చారు, అదీ చెన్నై రేవు నుంచే పంపాలన్నారు. అప్పటికే మైదుకూరు ప్రాంతంలో రైతులు అయినకాడికి అమ్ముకున్నారు.

బియ్యం మీద కూడా ఇదే కథ. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపారు, 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఆపారు, 2024 సెప్టెంబరు దాకా తెరవలేదు.

ప్రతి నిషేధం తర్వాత పొరుగువాడు ఒక పాఠం నేర్చుకున్నాడు. బంగ్లాదేశ్ సొంత ఉల్లి సాగు పెంచుకుంది. కొరత వస్తే ఈజిప్టు, తుర్కియే, చైనా, పాకిస్తాన్ నుంచి తెచ్చుకుంది. ఇప్పుడు మన ఉల్లి రైతు దగ్గర సరుకు ఉన్నప్పుడు వాళ్ళు మునుపటిలా ఎదురుచూడరు. 2025లో కర్నూలు మార్కెట్‌లో ఉల్లి ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1,200కు కొంటామని ముందుకు రావాల్సి వచ్చింది. సరుకు లేనప్పుడు మనం తలుపు వేశాం, సరుకు ఉన్నప్పుడు వాళ్ళు తలుపు తీయడం లేదు.

దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం మొత్తం వ్యాపారంలో ఐదు శాతం దరిదాపుల్లోనే ఉంది. అటు తూర్పున థాయిలాండ్, వియత్నాం, ఇండోనేషియా ఉన్న ఆసియాన్ దేశాల్లో అది నాలుగో వంతు దాకా ఉంది. పక్కూరి సంతను వదిలేసి ఏడు సముద్రాల అవతలి దుకాణం మీద మనందరం ఆధారపడ్డాం.

ఒకే ఎడారిలో నాలుగు దేశాల కూలీలు

ఇక మనుషుల సంగతి. నేపాల్‌లో 2022-23 సర్వే ప్రకారం నిరుద్యోగం 12.6 శాతం. రోజుకు సుమారు రెండు వేల మంది యువకులు పని కోసం దేశం దాటుతున్నారు. వాళ్ళు పంపే డబ్బు ఆ దేశ జీడీపీలో నాలుగో వంతు. 1950 ఒప్పందం వల్ల మన దేశానికి వచ్చి పని చేసుకోవడానికి వాళ్ళకు అనుమతి అక్కర్లేదు. రాత్రిపూట మన పట్నాల్లో ఈల వేస్తూ తిరిగే గూర్ఖాను చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. వాళ్ళ రూపాయిని 1993 నుంచి మన రూపాయికి కట్టేశారు. మన వందకు వాళ్ళ 160. మన దగ్గర ధర పెరిగితే వాళ్ళ దగ్గరా పెరుగుతుంది. మన దగ్గర పని తగ్గితే వాళ్ళ ఇంటికి పోయే మనియార్డరు తగ్గుతుంది. 2025 సెప్టెంబరులో అక్కడి యువకులు తిరగబడి రెండు రోజుల్లో ప్రధాని ఓలీ చేత రాజీనామా చేయించారు. పేపర్లు సోషల్ మీడియా నిషేధం వల్ల అని రాశాయి. ఆ నిషేధం నిప్పురవ్వ మాత్రమే. పని లేకపోవడం, నాయకుల పిల్లల భోగాలు ఎండుగడ్డిలా పేరుకుని ఉన్నాయి.

మన గల్ఫ్ కార్మికులకు జరిగింది వినండి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాల్లో మన వాళ్ళకు ఇవ్వాల్సిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. ఎందుకు? వేతనం ఎక్కువ అడిగితే కంపెనీలు పొరుగు దేశాల వాళ్ళను పెట్టుకుంటాయి, మన వాళ్ళకు ఉద్యోగాలు పోతాయి అన్నారు. నేపాల్‌లో, బంగ్లాదేశ్‌లో పని లేకపోవడం వల్ల జగిత్యాల కుర్రాడి జీతం తగ్గడం అంటే ఇదే. గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే వాళ్ళు ఊరుకోలేదు. ఆందోళనలు చేశారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. చివరికి 2021 జూలైలో ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకున్నారు. పోరాడితే గెలవగలం అనడానికి ఇది మన ఇంటి ఉదాహరణ.

నాట్ల సమయంలో బీహార్ నుంచి, బెంగాల్ నుంచి కూలీలు తెలంగాణ జిల్లాలకు వచ్చి ఎకరాకు ఇంత అని గుత్తకు నాటి పోతున్నారు. రైతుకు పని సాగింది, మంచిదే. మన ఊరి కూలి అక్కలు "మా నోటికాడ కూడు తీస్తున్నారు" అని బాధపడుతున్నారు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ బీహార్‌లో పని ఉంటే ఆ పిల్లాడు వెయ్యి మైళ్ళు దాటి మన బురదలో దిగుతాడా? అతని మీద కోపం చూపిస్తే పని ఇవ్వని వాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. పొరుగు దేశం వాడైనా, పొరుగు రాష్ట్రం వాడైనా లెక్క ఒక్కటే. అతని కూలి పెరిగితే మన కూలి నిలబడుతుంది.

మనం ఏం అడగాలి, ఏం చేయాలి

మిత్రులారా, ఇంతసేపు చెప్పింది విని ఇళ్ళకు పోతే లాభం లేదు. ఈ తరగతుల నుంచి కొన్ని పనులు పెట్టుకుని పోదాం.

ఒకటి. పంట చేతికొచ్చే వేళ రాత్రికి రాత్రి ఎగుమతి నిషేధాలు పెట్టకూడదు. పట్నం ప్రజలకు ధర తగ్గించాలంటే ప్రభుత్వం సకాలంలో రైతు దగ్గర మంచి ధరకు కొని నిల్వ పెట్టుకోవాలి. తప్పనిసరై నిషేధం పెడితే రైతుకు వచ్చే నష్టం కట్టివ్వాలి. విదేశీ పత్తి మీద సుంకం తీత నెలల్లో ఎత్తేయడం ఇక ముందు జరగకూడదు.

రెండు. మిర్చికి, పత్తికి, ఉల్లికి మార్కెట్ జోక్యం ధర పడ్డాక కాకుండా, కోతకు ముందే ప్రకటించాలి. కొనుగోలులో కౌలు రైతు పేరు మీద డబ్బు పడాలి. భూ యజమాని పాసుపుస్తకం లేదని తిప్పి పంపడం ఆపాలి.

మూడు. వృద్ధి రేటుతో పాటు పని లెక్క చెప్పమని అడగాలి. ప్రభుత్వం రాయితీ మీద భూమి, కరెంటు ఇచ్చే ప్రతి పరిశ్రమ ఊరి పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందో గ్రామసభలో చెప్పాలి. మన పత్తి దూదిగా, మన మిర్చి కాయగా బయటికి పోతోంది. నూలు మిల్లులు, కారం మరలు, మిర్చి నుంచి రంగు, ఘాటు తీసే కర్మాగారాలు సహకార రంగంలో ఇక్కడే పెడితే ఆ పని మన పిల్లలకు దొరుకుతుంది. పల్లెలో పని హామీ, చట్టం పేరు ఏదైనా, అడిగిన వాడికి హక్కుగా దక్కాలి. 2020-21లో ఆ పథకం కింద దేశంలో 389 కోట్ల పనిదినాలు జరిగాయి. వలస పోయి తిరిగొచ్చిన వాళ్ళకు ఆ కష్టకాలంలో అన్నం పెట్టింది అదే.

నాలుగు. గల్ఫ్‌కు మనుషులను పంపే దక్షిణాసియా దేశాలన్నీ కూర్చుని ఒకే కనీస వేతనం అడగాలి. మనం వెయ్యి అడిగితే పక్కవాడు ఎనిమిది వందలకు ఒప్పుకునేంత కాలం ఇద్దరికీ ఎనిమిది వందలే మిగులుతుంది. ఈ డిమాండ్‌ను మన సంఘం, కార్మిక సంఘాలు కలిసి ఢిల్లీ దాకా తీసుకుపోవాలి.

ఐదోది మనమే చేసుకోవాల్సిన పని. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం తెరవండి. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న పిల్లలు ఎందరు, గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎందరు, హైదరాబాద్‌లో బండ్ల మీద సరుకు అందించే వాళ్ళు ఎందరు, వాళ్ళకు నెలకు చేతికి ఎంత మిగులుతోంది, మీ ఊరి కౌలు అయిదేళ్ళలో ఎంత పెరిగింది అని రాయండి. ఆడపిల్లలను మర్చిపోకండి, సర్వేల్లో ఎక్కువగా మరుగున పడేది వాళ్ళే. అధికారి వచ్చి మీ మండలంలో నిరుద్యోగం మూడు శాతమే అంటే ఆ పుస్తకం ఆయన ముందు పెడదాం. వచ్చే జిల్లా కమిటీ సమావేశానికి ప్రతి మండలం నుంచి ఆ లెక్కలు తీసుకురావాలని కోరుతున్నాను.

చివరిగా పొద్దున ప్రశ్న అడిగిన పెద్దాయనకు ఒక మాట. అయ్యా, మనం బంగ్లాదేశ్ మీద జాలితోనో, శ్రీలంక మీద ప్రేమతోనో ఇదంతా మాట్లాడటం లేదు. అవి ఉంటే మంచిదే. కానీ మన టిక్కీ మిర్చి కొనే చేతిలో డబ్బు ఉండాలంటే ఆ చేతికి పని ఉండాలి. మన బిడ్డ కూలి పడిపోకుండా ఉండాలంటే పక్కవాడి బిడ్డకు వాళ్ళ ఊళ్ళోనే పని దొరకాలి. సరిహద్దుకు ఇవతల ఉన్న రైతు కూలీలు, అవతల ఉన్న రైతు కూలీలు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే బాగుపడేది మధ్యలో ఉన్న కంపెనీలే. ఆ సంగతి ఊరూరా చెబుదాం. ధర కోసం, పని కోసం కలిసి పోరాడదాం.